ఏవో చెప్పొద్దు, ఎన్నో చెప్పండి

ఇప్పటి సర్వే పిల్లల్ని చూస్తే అక్కకి ముచ్చటా వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది. చేతిలో ట్యాబు, భుజాన నీళ్ళ సీసా, కాళ్ళకి పరుగు పందెం బూట్లు. గుమ్మం ఎక్కి, టకటకా నాలుగు నొక్కులు నొక్కి దిగొచ్చేస్తారు. లోపల కూర్చున్న మనిషి నవ్వాడా, మొహం ముడుచుకున్నాడా అంటే నీళ్ళు నములుతారు. అలాంటి వాళ్ళకి పని నేర్పమని ఆఫీసువాళ్ళు ఏడాదికి రెండుసార్లు అక్కని పిలుస్తారు. ఉద్యోగం రిటైరైంది గానీ గొంతు రిటైరవలేదు కదా, పిలవగానే వెళుతుంది.

మొన్న కూడా అలాగే వెళ్ళింది. హాలు నిండా కుర్రకారు. ఈసారి సర్వే దేని మీదంటే, మతపెద్దల చేత శాంతి గురించి నాలుగు మంచి మాటలు చెప్పించి, వాటిని కుర్రాళ్ళకి వినిపిస్తే, వాళ్ళకి ఉగ్రవాదుల మీద ఉన్న మోజు తగ్గుతుందా తగ్గదా అని. ఇదేదో నిన్న సాయంత్రం పుట్టిన ప్రశ్నలా చెబుతున్నారే అని అక్క లోలోపల నవ్వుకుంది. ఇంతలో సూపర్‌వైజరు కుర్రాడు లేచి బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం రాశాడు: ‘ఏవో చెప్పొద్దు, ఎన్నో చెప్పండి.’ అక్క నవ్వు అక్కడే ఆగిపోయింది. కాసేపు కూర్చుంటాను బాబూ అని వెనక వరసలో కుర్చీ వెతుక్కుంది.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి మాట. ఆ వాక్యాన్ని తన నోటితో అక్క ఎన్ని వందలసార్లు చెప్పిందో ఆ సూపర్‌వైజరుకి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

అప్పట్లో వాళ్ళది ఇస్త్రీ కొట్టు మీద రెండు గదుల ఇల్లు. కింద పొద్దున్నుంచీ పెట్టెలు కాలుతూ ఉండేవి కాబట్టి చలికాలంలో గచ్చు వెచ్చగా ఉండేది. ఎండాకాలంలో మాత్రం కాలు పెడితే చురుక్కుమనేది. అమ్మ ఆసుపత్రి వంటగదిలో పని చేసేది. నాన్న పోయి అప్పటికి పదేళ్ళు. అక్కకి ఇరవై ఎనిమిది, తమ్ముడికి పందొమ్మిది. తమ్ముణ్ణి వీధి వీధంతా బొంగరం అని పిలిచేవారు, ఒక్కచోట కాలు నిలవదని. చెక్కపనివాళ్ళ కార్ఖానాలో చేరి రెండేళ్ళయింది. బల్లలకీ తలుపులకీ చిత్రిక పడుతూ, అమ్మ పాడుకునే పాత పాటలే గొంతెత్తి పాడేవాడు. ఇంటికి వస్తే జుట్టునిండా చెక్కపొట్టు. అమ్మ వాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు.

వాడికున్న జబ్బల్లా నిద్ర. పొద్దున్నే వాణ్ణి లేపడమంటే ఇద్దరాడవాళ్ళకీ తల ప్రాణం తోకకొచ్చేది. దుప్పటి లాగేస్తే చాప చుట్టుకునేవాడు. చాప లాగేస్తే వెచ్చటి గచ్చుకి చెంప ఆనించి మళ్ళీ గుర్రు పెట్టేవాడు. “పెళ్ళాం వచ్చాక తెలుస్తుందిరా నీ పని,” అని అమ్మ తిడితే, కళ్ళు తెరవకుండానే “దానికీ నిద్రే ఇష్టమైతే?” అనేవాడు. అమ్మ కోపంగా వంటింట్లోకి వెళ్ళి అక్కడ నవ్వుకునేది. ఏమున్నా లేకపోయినా ఆ ఇంట్లో పొద్దున్నే నవ్వు ఉండేది.

ఆ ఏడాదే ఊళ్ళో గాలి మారింది. మన మతం, వాళ్ళ మతం అని మాటలు మొదలయ్యాయి. ‘మనవాళ్ళ’ పేరుతో ఒక గుంపు తయారై, గోడల మీద రాతలు రాసి, ఆదివారం ఆదివారం కుర్రాళ్ళని పోగేసి కర్రసాము నేర్పించేది. ఒకటి రెండుచోట్ల అవతలి మతంవాళ్ళ కొట్ల మీద రాళ్ళు పడ్డాయి. కుర్రాళ్ళు చేయిదాటిపోతున్నారని పెద్దలకి భయం పట్టుకుంది. అదిగో, అప్పుడు దిగారు ప్రొఫెసరుగారు. మందపాటి కళ్ళద్దాలు, సన్నపాటి గొంతు, మనిషి మాత్రం మంచాయన. శాంతి మాట పనిచేస్తుందో లేదో ఊహించుకుని కూర్చోవడం ఎందుకు, లెక్క తేలుద్దాం అన్నారు.

ఆయన లెక్క ఇదీ. రెండు క్యాసెట్లు చేయించారు. నీలం చుక్క ఒకదాని మీద, పసుపు చుక్క ఇంకోదాని మీద. ఒకదాంట్లో ప్రార్థన మందిరం పెద్దాయన నాలుగు నిమిషాలు శాంతి గురించి చెబుతారు. రెండోదాంట్లో ఎవరో నీళ్ళు కాచి తాగమని చెబుతారు. ఏ చుక్క ఏదో ప్రశ్నలడిగేవాళ్ళకి కూడా తెలియకూడదు. చీటీలో వచ్చిన చుక్కని బట్టి క్యాసెట్టు పెట్టాలి, హెడ్‌ఫోను కుర్రాడి చెవులకి తగిలించాలి, అయ్యాక నాలుగు మాటలు చదవాలి. ఒకటి, ఆట చూడటం కంటే ఆడటమే నాకు ఇష్టం. రెండు, పొద్దున్నే లేవడం నాకు ఇష్టం. మూడు, కొత్త పాటల కంటే పాత పాటలే బాగుంటాయి. నాలుగోది అసలు సంగతి: మన మతాన్ని కించపరిచేవాళ్ళ మీద చెయ్యి చేసుకున్నా తప్పు లేదు. చదివాక, “వీటిలో ఎన్నిటికి ఔనంటారు? ఏవో చెప్పొద్దు, ఎన్నో చెప్పండి,” అనాలి.

ఏవో చెప్పమంటే ఎవడు నిజం చెబుతాడు? అంకె ఒక్కటే చెప్పమంటే మనసులో మాట ఎవరికీ దొరకదు, కాబట్టి ధైర్యంగా చెబుతారట. కొందరికి నాలుగోది లేకుండా మూడే చదివి, ఆ అంకెల్నీ ఈ అంకెల్నీ పోల్చి ఎంతమంది గుంపు వైపు ఉన్నారో ప్రొఫెసరుగారు తేలుస్తారు. “ఎవడైనా నాలుగూ అంటే దొరికిపోతాడు కదండీ?” అని అక్క అడిగింది. ఆయన చిన్నగా నవ్వి, “పొద్దున్నే లేవడమూ ఇష్టమై, పాత పాటలూ ఇష్టమై, ఆటా ఆడే కుర్రాడు ఈ భూమ్మీద ఉండడమ్మా,” అన్నారు.

ఆ వాక్యంతో పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ‘ఎన్నో చెప్పండి’ అనగానే కొందరు ఎన్నెన్నో చెప్పమంటున్నారనుకుని ఊడిపోయిన పన్ను దగ్గర్నుంచీ మొదలుపెట్టేవాళ్ళు. ఒక ముసలాయన, మనవడికి బదులు తానే కూర్చుని, గంటన్నర తన చిన్నతనమంతా చెప్పి, “ఇంకా ఎన్నో ఉన్నాయమ్మా, రేపు రా,” అన్నాడు. అక్కతోపాటు తిరిగే గొడుగాయన (ఎండైనా వానైనా గొడుగు వదలడు కాబట్టి ఆ పేరు) ఆ రోజు నవ్వు ఆపుకోలేక గొడుగు అడ్డం పెట్టుకున్నాడు. ఎంత తిరిగారో ఇద్దరూ! భుజాన గుడ్డసంచీ, సంచీలో టేపు రికార్డరు, ప్రతి వీధి మలుపులో ఒక టీ. అక్కకి ఆ పని ప్రాణం. తను అడిగే ప్రశ్నలవల్ల ఊరు బాగుపడుతుందని గట్టిగా నమ్మిన రోజులవి.

అయితే ఇంట్లో మాత్రం ఆమెకి గుండెలో రాయి పడింది. బొంగరం పాటలు తగ్గించాడు. ‘మనవాళ్ళు’ అనే మాట వాడి నోట్లోకి వచ్చింది. కార్ఖానాలో బల్లలకి మెరుగు పెట్టే ఒకడుండేవాడు, అందరూ పాలిష్ అన్న అనేవారు. వాడి మాటలకీ అదే మెరుగు. తమ్ముళ్ళూ తమ్ముళ్ళూ అంటూ కుర్రాళ్ళ భుజాల మీద చెయ్యి వేసి ఆదివారం కర్రసాముకి తోలుకెళ్ళేది వాడే. వీడూ వెళుతున్నాడేమోనని అక్కకి అనుమానం. “ఎక్కడికిరా?” అంటే “ఆటకి” అనేవాడు. అంతకుముందు పోస్టాఫీసు పక్కన గడియారాలు బాగుచేసే తాత కొట్లో కూర్చుని గంటలు గంటలు చక్రాలు చూసేవాడు. ఆ తాతది అవతలి మతం. అటు వెళ్ళడం పూర్తిగా మానేశాడు.

“తాత అడిగాడురా నీ గురించి,” అంది ఒకసారి అక్క.

“ఆయనకేం పని నాతో?” అన్నాడు మొహం తిప్పుకుని.

ఒకటే ప్రశ్న అక్కని తినేసింది. వీడు వాళ్ళలో కలిశాడా, లేదా? ఊళ్ళో కుర్రాళ్ళందర్నీ అడుగుతోంది గానీ సొంత తమ్ముణ్ణి అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఔనంటాడేమోనని భయం.

ఒకరోజు గొడుగాయనకి జ్వరం వచ్చింది. ఆయన వెళ్ళాల్సిన కార్ఖానాకి అక్క వెళ్ళాల్సి వచ్చింది. పెద్దమేస్త్రి పేర్ల పుస్తకం ఇచ్చాడు. నియమం ప్రకారం ప్రతి ఆరో పేరు. ఆరు, పన్నెండు, పద్దెనిమిది. పద్దెనిమిదో పేరు బొంగరానిది. సొంతవాళ్ళు వస్తే వదిలేసి తర్వాతి పేరుకి వెళ్ళాలి. అది రూలు పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది, అక్కే కొత్తవాళ్ళకి చదివి వినిపించేది. అయినా పుస్తకం మూసి, “పద్దెనిమిదో ఆయన్ని పిలవండి,” అంది. తప్పు చేస్తున్నానని తెలుసు. కానీ ఇంతకంటే మంచి అదను దొరకదనిపించింది.

బొంగరం చిత్రిక కింద పెట్టి, చేతులు దులుపుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. “నమస్కారం మేడం. మీరు ఏ ఊరు నుంచి వస్తున్నారండీ?” అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు ఘొల్లుమన్నారు. అక్కకీ నవ్వొచ్చింది. చాలా రోజులకి వాడి నోట వేళాకోళం విని కడుపు నిండిపోయింది. చీటీ తీస్తే నీలం చుక్క వచ్చింది. హెడ్‌ఫోను తగిలించింది. మూడడుగుల దూరంలో పాలిష్ అన్న గుడ్డముక్కతో ఒక బల్లని రుద్దుతున్నాడు. రుద్దిన చోటే రుద్దుతున్నాడు.

మొదట బొంగరం అక్కకేసి చూసి కళ్ళెగరేశాడు. తర్వాత వేళ్ళకి అంటిన జిగురు గిల్లుకున్నాడు. రెండో నిమిషానికి గిల్లుకోవడం ఆపేశాడు. ఆ పైన మనిషి కదల్లేదు. ఏ క్షణంలోనూ నిలవని కాళ్ళు నేలకి ఆని ఉండిపోయాయి. అక్కకి ఏమీ వినపడదు, టేపు తిరగడం మాత్రం కనిపిస్తోంది. నీళ్ళు కాచి తాగమంటే ఎవడూ ఇంత శ్రద్ధగా వినడు అనుకుంది. టేపు ఆగాక వాడు హెడ్‌ఫోను నెమ్మదిగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అక్కా...” అన్నాడు.

క్యాసెట్టుకీ ప్రశ్నలకీ మధ్య మాటలు ఉండకూడదు. మాట్లాడితే లెక్క చెడుతుంది. అక్క గొంతు సవరించుకుని, “ఇప్పుడు మీకు నాలుగు మాటలు చదువుతాను,” అని మొదలుపెట్టేసింది. ఒకటి తర్వాత ఒకటి చదివింది. చివర్న, “వీటిలో ఎన్నిటికి ఔనంటారు? ఏవో చెప్పొద్దు, ఎన్నో చెప్పండి,” అంది.

వాడు పాలిష్ అన్న వైపు ఒకసారి చూశాడు. తర్వాత అక్క కళ్ళలోకి సూటిగా చూశాడు.

“నాలుగు,” అన్నాడు.

అక్క చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. మళ్ళీ అడక్కూడదు. వివరం అడక్కూడదు. నాలుగు అని రాసింది. “ధన్యవాదాలండీ,” అంది. వాడు లేచి చిత్రిక దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్క బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. నాలుగంటే నాలుగోది కూడా. వాడు వాళ్ళలో కలిసిపోయాడు.

ఇంటికి నడిచి వచ్చేదాకా ఒకటే ఏడుపు. తీరా ఇస్త్రీ కొట్టు ముందుకు వచ్చేసరికి ఆమె బుర్రలో దీపం వెలిగింది. నాలుగంటే రెండోది కూడా కదా! పొద్దున్నే లేవడం నాకు ఇష్టం. వీడికా? బొంగరానికా? నవ్వాగలేదు. నడివీధిలో నిలబడి నవ్వుతుంటే ఇస్త్రీ ఆయన “ఏంటమ్మా?” అని తల బయటికి పెట్టాడు. రెండోది పచ్చి అబద్ధమైతే మిగతావాటికి విలువేముంది? వెధవ, మాటలు వినకుండానే నోటికొచ్చిన అంకె చెప్పి పని తెముల్చుకున్నాడు. నాలుగు మాటలన్నారు, నాలుగు అన్నాడు. అంతే! ఈ సంగతి ప్రొఫెసరుగారికి తెలియదు, ప్రపంచంలో ఎవరికీ తెలియదు, అక్కకీ అమ్మకీ తప్ప. గుండెల మీంచి కొండ దింపినట్టయింది.

మర్నాడు పొద్దున వాడు తొమ్మిదైనా లేవలేదు. అమ్మ తిడుతోంది. అక్క గుమ్మంలో నిలబడి ఆ తిట్లు సంగీతంలా విన్నది. పడుకోరా నాయనా, హాయిగా పడుకో అనుకుంది. ఇలా తొమ్మిది రోజులు గడిచాయి. ఆ తొమ్మిది రోజుల హాయిని తలుచుకున్నప్పుడల్లా అక్క తనని తాను తిట్టుకుంటుంది.

ఆ మధ్యలో ఒక సాయంత్రం, అక్క నేలమీద కాగితాలు పరుచుకుని వీధుల వారీగా సర్దుతుంటే బొంగరం వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“నాది కూడా ఇందులో ఉందా అక్కా?”

“ఉంటే?”

“చూశావా మళ్ళీ?”

“చూడకూడదు. ఒకసారి రాశాక ఎవరిదీ తీసి చూడకూడదు. రూలు.”

“నాది కూడానా?”

“నువ్వేమైనా మహారాజువా? పో, కాగితాలు తొక్కుతున్నావు.”

“అలాగా,” అన్నాడు. ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

పదో రోజు మధ్యాహ్నం పోస్టాఫీసు పక్కన గడియారాల తాత కొట్టు మీద ఆ గుంపువాళ్ళు పడ్డారు. పన్నెండు మంది. తాత లోపలినుంచి గడియ వేసుకున్నాడు. తలుపు గట్టిది, కర్రలతో కొడితే చలించలేదు. అప్పుడు ఒకడు ముందుకి వచ్చి, సంచీలోంచి పనిముట్లు తీసి, ఐదే ఐదు నిమిషాల్లో బందులు ఊడదీసి తలుపు పక్కకి పెట్టాడట. చెక్కపని తెలిసినవాడు. లోపల గాజుబీరువాలు పగలగొడుతుంటే ఒక పెంకు ఎగిరి తాత కుడి కంట్లో దిగింది. భూతద్దం పెట్టుకుని చక్రాలు చూసే కన్ను అది. ప్రాణం దక్కింది గానీ కన్ను పోయింది. నెల తిరక్కుండా ఆయన కూతురు వచ్చి తీసుకెళ్ళిపోయింది.

తలుపు తీసినవాడు పారిపోలేదు. అందరూ పరిగెత్తాక కూడా ఆ తలుపు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడని, పోలీసులు వస్తే చేతులు చాచాడని చూసినవాళ్ళు చెప్పారు. బొంగరానికి మూడేళ్ళు పడింది. పాలిష్ అన్న ఆ రోజు ఊళ్ళోనే లేడని తేలింది.

ఆ వారంలోనే ప్రార్థన మందిరం పెద్దాయన అక్కవాళ్ళ మెట్లెక్కి వచ్చారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. ఆయాసం తీరాక, అమ్మని పలకరించాక, అక్క వైపు తిరిగి, “అమ్మా, నాకొక్కటి చెప్పు. మీవాడికి ఏ క్యాసెట్టు పడింది?” అని అడిగారు. అక్క అప్పటికే ఆఫీసులో అడిగి తెలుసుకుంది. నీలం చుక్క ఆయనదే.

“మీదేనండీ.”

“విన్నాడా పూర్తిగా?”

“విన్నాడు.”

“వాళ్ళు రాసిచ్చిన కాగితం పక్కన పడేసి నా సొంత మాట చెప్పాను తల్లీ. అబ్బాయిలూ, దేవుడికి కాపలా కాయాల్సిన పని మీకు లేదు, ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు, మీరు ఎవరిని కొట్టబోతున్నారో వాళ్ళ మొహం ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి అన్నాను. ఇంతకంటే నాకు చేతకాదు,” అన్నారు పెద్దాయన. కళ్ళు తుడుచుకుని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎవరు ఎంత అడిగినా ఆయన మైకు ముందు కూర్చోలేదు.

ప్రొఫెసరుగారి లెక్కా తేలింది. శాంతి మాట విన్నవాళ్ళకీ, నీళ్ళ మాట విన్నవాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదట. ఆ పట్టికలో నీలం చుక్క వరసలో ఒక ‘నాలుగు’ ఎవరిదో అక్కకి తెలుసు. అది తమ్ముడి కాగితమని చెప్పి కొట్టేయించాల్సింది. చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. అంతకంటే, ఆ లెక్క నిజమేగా అన్న కసి ఒకటి. నాలుగు నిమిషాలు చెవుల్లో పోసినా ఎక్కనివాడికి ఇంకేం ఎక్కుతుంది?

అమ్మ ప్రతి నెలా జైలుకి వెళ్ళొచ్చేది. అక్క వెళ్ళలేదు. వాడి మొహం చూడనంది. తాత కన్ను గుర్తొస్తే అరికాలి మంట నెత్తికెక్కేది. పొద్దున్నే ఇంట్లో ఎవర్నీ లేపాల్సిన పని లేదు. అమ్మ మాత్రం అలవాటు కొద్దీ ఆరింటికి ఆ మూల గదిలోకి వెళ్ళి, ఊరికే నిలబడి తిరిగి వచ్చేది. అది చూడలేక, ఏడు నెలల తర్వాత ఒకనాడు, “ఈసారి నేను వెళ్తానులే,” అంది అక్క.

జైలు గదిలో పొడవాటి బల్ల, మధ్యలో తీగల వల. బొంగరం చిక్కిపోయాడు. గడ్డం వచ్చింది. అక్కని చూడగానే లేచి నిలబడ్డాడు.

“వచ్చావా,” అన్నాడు.

ఆప్యాయంగా మాట్లాడాలనే వచ్చింది గానీ నోరు తెరవగానే కోపం తన్నుకొచ్చింది. “పెద్దాయన మాట విన్నావుగా? నాలుగు నిమిషాలు నీ చెవుల్లో చెప్పారుగా? గోడకి చెప్పినట్టు అయిందిగా?”

“గోడకేం చెప్పలేదక్కా. విన్నాను.”

“విని?”

వాడు వల మీద వేలు పెట్టి ఒక తీగని అటూ ఇటూ రుద్దాడు. “మొహం గుర్తు తెచ్చుకోమన్నారు ఆయన. నాకు తాత మొహం గుర్తొచ్చింది. అప్పటికే పాలిష్ అన్న చెప్పేశాడు, తాత కొట్టే అని, తలుపు పని నాదే అని. అప్పుడే చెప్పేద్దామని నిన్ను పిలిచాను కూడా. నువ్వు కాగితం చదవడం మొదలెట్టావు.”

అక్కకి ఆ ‘అక్కా’ అన్న పిలుపు చెవుల్లో మోగింది.

“నాలుగు అన్నానుగా,” అన్నాడు వాడు. “అబద్ధమని నీకు తెలుసుగా?”

“తెలుసు. పొద్దున్నే లేవడం.”

“మరి? అంకె ఒక్కటే చెప్పమన్నావు. వాడు పక్కనే ఉన్నాడు. ఇంకెలా చెప్పను? నాలుగంటే నువ్వు ఊరుకోవనుకున్నా. ఎవడ్రా పొద్దున్నే లేచేది అని అందరి ముందూ నా చెవి మెలేసి బయటికి లాక్కెళ్తావనుకున్నా. బయట మొత్తం చెప్పేద్దామనుకున్నా. పోనీ అక్కడ కాకపోతే ఇంటికెళ్ళాకైనా అడుగుతావని చూశా. కాగితాలు సర్దుతుంటే వచ్చి నిలబడ్డా.”

ఆ అబద్ధాన్ని పట్టుకునే కదా అక్క తొమ్మిది రోజులు హాయిగా నిద్రపోయింది! వాడు తలుపు తట్టడానికి వాడుకున్న మాటనే తను గడియ చేసి పెట్టుకుంది. ఊళ్ళో అందరి మనసులూ తెలుసుకుంటానని సంచీ తగిలించుకుని తిరిగిన తను, ఎదురుగా కూర్చున్న తమ్ముణ్ణి ‘మీరు’ అని పిలిచి, ‘ధన్యవాదాలండీ’ అని పంపించేసింది. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది. బల్ల అంచు పట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. పక్కన కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు, అయినా ఆపుకోలేదు.

“నీ తప్పు అనడానికి కాదక్కా,” అన్నాడు వాడు కంగారుగా. “తలుపు తీసింది నేనే. నా చేతుల్తోనే.”

“పెద్దాయన మాట పనిచేసిందా మరి?” అంది ఏడుపు మధ్యలోనే. పాడు అలవాటు, ప్రశ్నలడిగే నోరు.

“దిగ్గొట్టిన మేకు కదిలిందక్కా. కదిలినంత మాత్రాన దానంతటది ఊడిరాదుగా, ఎవరో ఒకరు లాగాలి. నువ్వు వెళ్ళాక పాలిష్ అన్న నన్ను టీకి తీసుకెళ్ళాడు. ఏం వినిపించారు తమ్ముడూ, ఏం అనిపించింది, ఎందుకలా ఉన్నావు అని గంటసేపు అడిగాడు. వాడు అడిగాడక్కా.”

కాపలా ఆయన గోడ గడియారం చూసి, ఇంకా ఐదు నిమిషాలే అని కేక వేశాడు. చుట్టూ కుర్చీలు కదులుతున్నాయి. అక్క పైటతో మొహం తుడుచుకుంది. ఎన్ని వందల మందిని అడగకుండా వదిలేసిన ప్రశ్నో అది. చేతిలో కాగితం లేదు, కలం లేదు. కుర్చీ ముందుకి లాక్కుని, ముక్కు వలకి ఆనేంత దగ్గరగా కూర్చుంది.

“ఏవిరా?” అంది. “ఆ నాలుగింట్లో ఏవి నిజం?”

బొంగరం తల దించుకున్నాడు.

“ముందు నాలుగోదే చెబుతాను,” అన్నాడు.